గెలుచుచున్న జట్టును నమ్ముకొన్నవారి గుబులు



ఓడిపోవుట అలవాటైన జట్టును అభిమానించువానికి రాత్రివేళ నిద్ర బాగుగనే పట్టును. ఆట మొదలు కాకమునుపే ఫలితము తెలిసియుండుటచేత వానికి గుండె దడదడలాడుట లేదు, ఇష్టదైవమునకు మ్రొక్కుకొనుట లేదు, ఆఖరి అయిదు నిమిషములలో గడియారము వంక పదేపదే చూచుట లేదు. మనవాడెవడో ఒక చక్కని పాసు ఇచ్చినచో అదియే పదివేలనుకొని దీపమార్పి పండుకొనును. అట్లుగాక, ఏండ్ల తరబడి అట్టడుగున పడియుండిన జట్టు ఒకనాడు చూచువారు విస్తుపోవునట్లు లేచి, ఒకదాని వెంట ఒకటిగా ఆటలు గెలుచుట మొదలిడినప్పుడు, అంతవరకు నిశ్చింతగా ఉండిన ఆ మనుష్యునికి కుదురు తప్పును. గెలిచిన రాత్రి సయితము, ఈ గెలుపు ఎన్నాళ్లు నిలుచునో, దీనికి అండగా ఉన్నది ఏమో, ఎవరి చేయి తొలగినచో ఇది కూలునో అను తలపులు వానిని వదలవు. తిరుపతి నుండి పుత్తూరునకు ఎముకల కట్టు కొరకు పోవువారు మా వడమాలపేట మీదుగానే పోవుదురు గనుక అట్టివారిని నేను ఎందరినో ఎరుగుదును: కాలు విరిగి మంచమున ఉన్నన్నాళ్లు నిబ్బరముగా మాటలాడినవాడే, కట్టు విప్పి నేలపై తొలి అడుగు మోపు దినమున గోడను పట్టుకొని వణకును. లేచిన జట్టును చూచు అభిమాని అవస్థ అచ్చముగా అదియే. ఆ అవస్థను గురించి, దానిని నేను దగ్గరగా ఎరిగిన హైదరాబాదు ఫుట్‌బాలును గురించి, సముద్రముల కవతల ఆస్ట్రేలియాలో దానినే అరువది ఏండ్లకు మించి అనుభవించిన వేరొక జట్టువారిని గురించి నేడు మీతో ముచ్చటింప దలచినాను.

వడమాలపేటవానికి హైదరాబాదు జట్టుతో ఏమి సంబంధమని అడుగువారు కలరు. దూరమును బట్టి చూచినచో మాకు చెన్నపట్టణమే దగ్గర. మా ఊరి ముందరి రహదారిపై పోవు లారీలలో సగము అటు పోవునవియే. ఆ పట్టణపు చెన్నయిన్ జట్టు ఇండియన్ సూపర్ లీగును 2015లో ఒకమారు, 2017-18లో మరియొకమారు గెలిచియున్నది గనుక, గెలుపు కొరకు అభిమానించువాడు ఆ జట్టునే పట్టుకొనవలసినది. కాని అభిమానము మైళ్లను లెక్కించి పుట్టునది కాదు. నా చిన్నతనమున మా నాయన, సాయంకాలము అరుగుపై కూర్చుండి, హైదరాబాదు ఆటగాళ్ల పేర్లను చుట్టముల పేర్లు చెప్పినట్లు చెప్పుచుండెడివాడు. బలరాము, నూర్ మహమ్మదు, అజీజుద్దీను, లతీఫు, తంగరాజు అను ఆ పేర్లు నాకు ఆటకంటె ముందుగా తెలిసినవి. ఆ పేర్లన్నిటికి వెనుక ఆయన భక్తితో ఉచ్చరించు పేరు ఇంకొకటి ఉండెను.

ఆ పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. బడిపంతులుగా జీవితము గడిపిన ఆ మహనీయుడు 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘపు బాధ్యతను వహించి, నగర పోలీసు జట్టును తన చేతులతో మలచి, దానిని దేశములో ఎదురులేని జట్టుగా నిలిపెను. 1950లో ఆ పోలీసు జట్టు మోహన్ బగాను అంతటి దానిని ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచినది. బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు ఎవరికిని విడువక తెచ్చుకొన్నది. భారత జట్టునకు ఆయన శిక్షకుడైన పిదప, 1951లో ఢిల్లీ నగరమున జరిగిన తొలి ఆసియా క్రీడలలో మనకు స్వర్ణము లభించినది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించెను. మా చిత్తూరు జిల్లావారికి హైదరాబాదు రాజధానియై సరిగా ఒక నెల నిండిన నాడు, అనగా డిసెంబరు 1వ తేదీన, మెల్‌బోర్ను ఒలింపిక్సులో రహీము శిక్షణ పొందిన భారత జట్టు ఆతిథేయియైన ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4-2 తేడాతో ఓడించి సెమీ ఫైనలు చేరెను. నెవిల్ డిసౌజా ఆనాడు మూడు గోలులు చేసెను. తరువాత యుగోస్లావియా చేతిలో 1-4తోను, బల్గేరియా చేతిలో 0-3తోను ఓడి మనవారు నాలుగవ స్థానముతో తిరిగి వచ్చిరి గాని, ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతటి ఎత్తును మన దేశము అంతకుమున్ను చూడలేదు, ఆ పిమ్మటను చూడలేదు. ఆ జట్టులో సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడ కుర్రవాడు తులసీదాసు బలరాము ఉండెను. అప్పటికి అతనికి ఇరువది ఏండ్లు.

రహీమును గురించి ఇంకొక్క మాట చెప్పక ముందుకు పోజాలను. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసికొనిపోవునప్పటికే ఆయన దేహమును క్యాన్సరు తినివేయుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. పైగా రాజకీయ వివాదము కారణమున అక్కడి ప్రేక్షకులు భారతీయులపై కనలియుండిరి. ముఖ్య ఆటగాడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. అట్టి స్థితిలో రహీము ఆ వెనుకవరుస ఆటగాడిని ముందువరుసకు తెచ్చి ఆడించెను. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఫైనలులో, అదే కొరియాపై, పి. కె. బెనర్జీ ఒక గోలు, తల కుట్లతో ఉన్న ఆ జర్నైలు ఒక గోలు చేయగా 2-1తో స్వర్ణము మనకు దక్కెను. మరుసటి ఏడు జూను 11వ తేదీన రహీము కన్నుమూసెను. ఆయన వెంటనే, ఒక తరము తిరుగకముందే, అంతయు పోయినది. హైదరాబాదు 1956-57లోను, 1957-58లోను రాష్ట్ర జట్ల పోటీయైన సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆంధ్రప్రదేశ్ పేరిట 1965-66లో మరల గెలిచినది. అటుపిమ్మట అది మనకు రాలేదు. 1960 తరువాత భారత ఫుట్‌బాలు జట్టు ఒలింపిక్సున అడుగిడలేదు. ఆసియా స్వర్ణము 1962తోనే సరి. మా నాయన ఈ కథ ముగించునప్పుడు ఎన్నడును నిట్టూర్చి ఎరుగడు. కాని నేను పెద్దవాడనైన కొలది, ఒక్క మనుష్యుని ఊపిరిమీద ఆనియున్న వైభవము ఎంత బలహీనమైనదో ఆ కథలో నాకు స్పష్టముగా కానవచ్చుచున్నది.

ఇట్టి పూర్వకథ గల నగరమునకు 2019లో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు అను పేరిట ఒక వృత్తి జట్టు వచ్చినది. పుణె నగరపు జట్టు మూతపడగా, సూపర్ లీగులో దాని స్థానమును ఇది పొందినది. తొలి సీజను ఘోరముగా గడిచినది: పదునెనిమిది ఆటలలో రెండే గెలుపులు, పది పాయింట్లు, పది జట్లలో పదవ స్థానము. ఆ సీజనులో నేను మిక్కిలి ప్రశాంతముగా ఉంటినని మీరు ఇప్పటికే ఊహించియుందురు. మరుసటి సీజనుకు స్పెయిను దేశస్థుడైన మనోలో మార్కెజ్ శిక్షకుడై వచ్చి, పేరెన్నికగన్న ఆటగాళ్లను అంగడిలో కొనుట మాని, ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయి వంటి ఇరువది ఏండ్ల కుర్రవాండ్రను మైదానమునకు దింపి, బంతిని నేలమీదనే నడపుచు ముందుకు సాగు ఆటను నేర్పెను. జట్టు అయిదవ స్థానమునకు లేచెను. ఆఖరి ఆటలో గోవాపై గెలిచియుండినచో సెమీ ఫైనలు దక్కెడిది గాని, అది 0-0తో ముగిసినది. నా గుబులు ఆ రాత్రి మొదలైనది. ఎందుకనగా, అంతవరకు ఓడిపోయినచో పోయినదేమి అనుకొనుచుండిన నాకు, ఆ రాత్రి మొదటిసారిగా ఏదో నాది నా చేతినుండి జారిపోయినదని తోచినది.

ఆ కాలమును గురించి ఒక విశేషము చెప్పవలెను. కరోనా మహమ్మారి కారణమున 2020-21, 2021-22 సీజనులలో లీగు ఆటలన్నియు గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానములలో జరిగెను. జట్టు ఎదిగిన కాలమంతయు హైదరాబాదు నగరమువారు సయితము దానిని కంటితో చూడలేదు. గచ్చిబౌలిలో ఇల్లున్నవానికిని, వడమాలపేటలో ఇల్లున్నవానికిని జట్టు సమాన దూరమున ఉండెను. నా వంటి పల్లెటూరి అభిమానికి అటువంటి సమానత్వము మునుపెన్నడు దొరకలేదు. రాష్ట్రము 2014లో రెండైన పిమ్మట, హైదరాబాదు మనది యనుటకు నోరు కొంత తడబడుచుండిన మావంటివారు, ఆ రెండేండ్లు ఆ తడబాటును మరచితిమి.

2022 మార్చి 20వ తేదీ ఆదివారము. గోవాలో ఫతోర్దా మైదానమున ఫైనలు. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్సు. ఆ ఒక్క ఆటకు ప్రేక్షకులను అనుమతించుటచేత మైదానమంతయు కేరళవారితో కిటకిటలాడుచుండెను. మా ఊరి టోల్‌గేటు దాటిన తరువాత రోడ్డు ప్రక్కనున్న టీ అంగడిలో, బన్నులున్న గాజు సీసాకు సెల్లుఫోను ఆనించి, మేము నలుగురము చూచుచుంటిమి. ఆగియున్న లారీలలో ఒకటి కేరళది; దాని డ్రైవరు, ఏబది ఏండ్లవాడు, మా వెనుక నిలుచుండి, అడుగకుండగనే మాతో చేరెను. అరువది ఎనిమిదవ నిమిషమున కేరళ గోలు చేయగా అతడు మా మర్యాద కొరకు అరవక, భుజముమీది తువ్వాలును పిడికిట బిగించి పట్టుకొనెను. ఎనుబది ఎనిమిదవ నిమిషమున సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన బంతి వలలో పడినప్పుడు మాకు అంత మర్యాద జ్ఞాపకము రాలేదు. అదనపు సమయమున గోలు లేక, ఆట పెనాల్టీలకు పోయినది.

మా గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని. ఈయన గోవా మనిషి. 2015 డిసెంబరులో, ఇదే మైదానమున, ఇదే లీగు ఫైనలులో, గోవా జట్టు తరపున గోలు కాచుచు, తొంబదవ నిమిషము వరకు 2-1తో ముందున్న తన జట్టును, తన చేతికి తగిలి లోనికి పోయిన బంతితో సమము చేసికొని, మరి రెండు నిమిషములలో ఇంకొక గోలు సమర్పించుకొని, ఓడి, తన ఊరి జనమునెదుట తల వంచుకొని నడచినవాడు. ఆరేండ్లనాటి ఆ దృశ్యము అక్కడ ఉన్నవారిలో ఎందరికి జ్ఞప్తికి వచ్చినదో నేనెరుగను గాని, నాకు వచ్చినది. వచ్చి చేతులు చల్లబడినవి. కేరళవారి మొదటి పెనాల్టీని లెస్కోవిచ్ కొట్టగా కట్టిమని ఆపెను. నిషు కుమారు కొట్టగా ఆపెను. గోలుగీత దాటి ముందుకు వచ్చెనని రెఫరీ మరల కొట్టించగా, మరలను ఆపెను. జీక్సన్ సింగు కొట్టగా అదియు ఆపెను. హలిచరణ్ నర్జరీ ఆఖరి బంతిని లోనికి పంపుటతో 3-1. హైదరాబాదు విజేత. అంగడిలోని మావారు ఎగిరి గంతులు వేయుచుండగా నేను కట్టిమని ముఖమునే చూచుచుంటిని. ఆట అనునది మనుష్యునినుండి తీసికొన్నదానిని అదే చోట తిరిగి ఇచ్చుట అరుదు. ఇచ్చిన నాడు చూచుటకు మనము మేలుకొనియుండుట ఒక భాగ్యము. కేరళ డ్రైవరు తన టీకి మాత్రమే గాక మా అందరి టీలకు డబ్బు చెల్లించి, అది వారి జట్టు ఓడిన మూడవ ఫైనలు అయినను, "అడుత్త వర్షం", అనగా వచ్చే ఏడు, అని ఒక్క మాట పలికి లారీ ఎక్కెను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. సంతోషముచేత కొంత, భయముచేత ఎక్కువ. ఆ పదునొకండుగురిలో తెలుగునేలపై పుట్టినవాడు ఒక్కడును లేడు. పదునెనిమిది గోలులతో లీగులో అందరికంటె ముందు నిలిచిన ఒగ్బెచే నైజీరియావాడు. నాయకుడు జోవావ్ విక్టర్ బ్రెజిలువాడు. ముందువరుసలో పరుగులు పెట్టిన జోయెల్ చియానీస్ ఆస్ట్రేలియావాడు. ఎక్కడివారైన నేమి, మన చొక్కా తొడిగినవాడు మనవాడే యని నేను మనసారా నమ్ముదును. కాని వీరిని ఇక్కడ నిలిపి ఉంచునది ఏమి? మార్కెజ్ రేపు వెళ్లిపోయినచో? యజమానులకు ధనము చాలకపోయినచో? మైదానము క్రింద ఒక నేల ఉండవలెను గదా. బడులలో ఆడు పిల్లలు, వారిని పంపు ఊరి జట్లు, ఆ జట్లకు పోటీలు, ఇవియే ఆ నేల. రహీము కాలమున అట్టి నేల కొంతయైన ఉండెను. అయినను ఆయనతోనే సర్వమును పోయెను. ఇప్పుడు అదియు లేదే యని నా గుబులు.

తరువాత జరిగినది చెప్పుటకు ఎక్కువ మాటలు అక్కరలేదు. 2022-23లో జట్టు గచ్చిబౌలి మైదానమునకు తిరిగి వచ్చి లీగు పట్టికలో రెండవ స్థానమున నిలిచి, సెమీ ఫైనలులో మోహన్ బగాను చేతిలో పెనాల్టీలపై 3-4తో ఓడెను. మార్కెజ్ గోవాకు వెళ్లిపోయెను. ధనము కరవై, జీతములు అందక, విదేశీయులు ఒక్కరొక్కరుగా విడిచిపోయిరి; క్రొత్తవారిని చేర్చుకొనరాదని ఆంక్ష పడెను. 2023-24లో ఇరువది రెండు ఆటలలో ఒక్కటే గెలుపు, అది చెన్నయిన్ పై 1-0. ఆ ఏడు మిగిలినది కుర్రవాండ్రే. వారము వారము ఓడుదుమని తెలిసియు, ఇంటికి పంపుటకు చేతిలో పైకము లేకయు, బూట్లు బిగించి మైదానమునకు వచ్చి తొంబది నిమిషములు పరుగెత్తిన ఆ పిల్లలపై నాకున్న గౌరవము, కప్పు గెలిచినవారిపై ఉన్నదానికి ఏమాత్రము తక్కువ కాదు. పిదప యజమాన్యము చేతులు మారెను. 2025లో జట్టు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు దాల్చెను. పుణెలో మూతపడి మన దగ్గర వెలసినది, మన దగ్గర మాయమై ఢిల్లీలో వెలసినది. 2019లో పుణె అభిమానులు అనుభవించినది ఏమో మనకు అప్పుడు తెలిసినది.

ఇక ఆస్ట్రేలియా సంగతి. మా అన్న కుమారుడు మెల్‌బోర్ను నగరపు పడమటి కొసన టార్నీటు అను పేటలో కాపురమున్నాడు. ఆ వైపు పేటలలో మన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. వాని కుమార్తె, తొమ్మిదేండ్లది, మెడకు ఎరుపు, తెలుపు, నీలము చారల ఉన్ని వస్త్రమొకటి చుట్టుకొని ఫోనులో నాకు కనబడినప్పుడు, అది ఏమని అడిగితిని. "ఈడ పిల్లోళ్లంతా బుల్‌డాగ్స్ అంటా ఉండారు సిన్నాయనా, మన ఏరియా టీము అది" అని వాడు చెప్పెను. అక్కడివారు ఫుట్‌బాలు అని పిలుచుకొను ఆట మన ఆట కాదు: కోడిగ్రుడ్డు వంటి ఆకృతి గల మైదానము, అట్టి ఆకృతియే గల బంతి, ఒక్కొక వైపు పదునెనిమిది మంది, చేతితోను కాలితోను ఆడుటకు అనుమతి, నడిమి రెండు కంబముల మధ్యకు తన్నినచో ఆరు పాయింట్లు. ఆట వేరైనను, వెస్టర్న్ బుల్‌డాగ్స్ అను ఆ జట్టు చరిత్రను వాని నోట విన్నది మొదలు నేను దానిని విడువలేకున్నాను.

ఫుట్‌స్క్రే అను శ్రామికుల పేటలో పుట్టి, 1925లో పెద్ద లీగులో చేరిన ఆ జట్టు 1954లో ఒకమారు విజేతయైనది. ఆ తరువాత 1961లో ఫైనలు చేరి ఓడినది. ఇక అక్కడినుండి ఫైనలు అను గడప వారికి అందలేదు. 1985 మొదలు 2010 లోపల ఏడుమారులు ఫైనలుకు ముందటి ఆట వరకు వచ్చి, ఏడుమారులును ఓడినారు. అందులో 1997లో ఓడినది రెండే రెండు పాయింట్ల తేడాతో. లేచిన ప్రతిమారును ఆశ, ఆశపడిన ప్రతిమారును దెబ్బ. కాని నన్ను పట్టి నిలిపిన సంగతి ఇవేవియు గావు. 1989వ సంవత్సరమున జరిగినది. అప్పులలో మునిగిన ఆ జట్టును అదే నగరపు ఫిట్జ్‌రాయ్ జట్టుతో కలిపివేయుటకు లీగు పెద్దలు నిశ్చయించి ప్రకటించిరి. ఫుట్‌స్క్రే వీధులలోని సామాన్యులు, కర్మాగారములలో పనిచేయువారు, వారి భార్యలు, బడిపిల్లలు, డబ్బాలు పట్టుకొని వీధి వీధి తిరిగి, కొద్ది వారములలో పది లక్షల డాలర్లకు పైగా పోగుచేసి, తమ జట్టును తాము నిలుపుకొనిరి. ఏడేండ్ల తరువాత, 1996లో, ఆ ఫిట్జ్‌రాయ్ జట్టు బ్రిస్బేనులో కలిసి పేరు మాత్రము మిగిలినది. అంతకు మున్ను 1982లో దక్షిణ మెల్‌బోర్ను జట్టు సిడ్నీకి తరలిపోయియుండెను. అనగా తరలిపోవుట, కలిసిపోవుట, మాయమగుట అనునవి వారి ఊళ్లలోను జరిగినవి. మనకు మాత్రమే దాపురించిన విధి కాదు.

2014 చివరను బుల్‌డాగ్స్ జట్టును నాయకుడు విడిచిపోయెను, శిక్షకుడు రాజీనామా చేసెను. ల్యూక్ బెవెరిడ్జ్ అను క్రొత్త శిక్షకుడు వచ్చెను. 2016లో వారు పట్టికలో ఏడవ స్థానమున ఉండి, ఏడవ స్థానమునుండి ఎవరును గెలిచి ఎరుగని పోటీలో, పెర్తు నగరమునకు పోయి గెలిచిరి; అంతకుముందు మూడేండ్లు వరుస విజేతయైన హాథార్నును గెలిచిరి; సిడ్నీ పడమటి జట్టును ఆరు పాయింట్లతో గెలిచిరి. అక్టోబరు 1వ తేదీన మెల్‌బోర్ను క్రికెట్ మైదానమున, దాదాపు లక్షమంది యెదుట, ఫైనలులో వారికి ఎదురైనది సిడ్నీ స్వాన్స్, అనగా 1982లో మెల్‌బోర్ను విడిచి పోయిన ఆ జట్టే. ఆ సిడ్నీవారును తక్కువవారు గారు. డెబ్బది రెండేండ్ల నిరీక్షణకు పిమ్మట 2005లో నాలుగు పాయింట్ల తేడాతో కప్పు పొందినవారు. బుల్‌డాగ్స్ 89, సిడ్నీ 67. అరువది రెండేండ్ల తరువాత గెలుపు. బహుమతి ప్రదానమున శిక్షకుడు బెవెరిడ్జ్ తన మెడకు వేసిన పతకముతో మైకు ముందు నిలిచి, బాబ్ మర్ఫీని వేదికపైకి పిలిచెను. మర్ఫీ ఆ జట్టు నాయకుడు. పదునారేండ్లుగా ఆ చొక్కా తొడిగినవాడు. సీజను మూడవ ఆటలో మోకాలు చెడి, ఫైనలు దినమున ఆడక బయట కూర్చున్నవాడు. శిక్షకుడు తన పతకమును తీసి అతని మెడలో వేసెను. మా అన్న కుమారుడు ఆ దృశ్యమును ఫోనులో పంపగా చూచితిని. మర్ఫీ ముఖమున సంతోషమును, పొందనిదాని వేదనయు ఒకేమారు కనబడినవి. గుంపులో ముసలివారు కొందరు చేతులలో ముఖము దాచుకొని ఏడ్చుచుండిరి.

2021లో ఆ జట్టు మరల ఫైనలు చేరి, మెల్‌బోర్ను జట్టు చేతిలో 74 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడినది. ఆ గెలిచినవారును ఏబది ఏడేండ్లు వేచినవారే. "అయితే ఏమి చేసినారురా మీ ఊరివాళ్లు?" అని నేను అడిగితిని. "ఏం చేస్తారు సిన్నాయనా, మళ్లా ఏటికి మెంబర్‌షిప్ కట్టినారు" అని చెప్పెను. నాకు ఆ జవాబు ఎన్నాళ్లో మనసున మెలగినది. అక్కడ అభిమాని ఏటేట సభ్యత్వపు చందా కట్టును. సర్వసభ్య సమావేశమున వోటు వేయును. జట్టు ఎవరికి చెందినదను ప్రశ్నకు వాడు తన జేబులోని చీటీని చూపగలడు. వానికిని గుబులు లేకపోలేదు, ఓడుదుమేమోనను గుబులు వానిని చంపుచుండును. అయినను తెల్లవారి లేచునప్పటికి జట్టు వేరొక నగరమునకు పోయియుండునేమోనను గుబులు వానికి నాకున్నంత లేదు. మొదటి భయము ఆటలో భాగము. దానిని నేను ఆనందముతో భరింతును. రెండవది ఆటకు సంబంధించినది కాదు; అభిమానించువాడు ఎవడును దానిని భరింప నక్కరలేదు.

హైదరాబాదులో ఇంకొక జట్టు ఉన్నది. శ్రీనిధి దక్కన్ అను పేర ఐ-లీగులో ఆడుచు, 2022-23లోను, 2023-24లోను వరుసగా రెండవ స్థానమున నిలిచినది; రెండుమారులును పై లీగునకు పోవు ద్వారము ఒక్క అడుగు దూరమున మూసికొన్నది. నేను ఇప్పుడు ఆ జట్టు ఫలితములను చూచుచున్నాను. మా అంగడివాడు, "ఇదీ పొయ్యేదానికే కదన్నా, ఎందుకు చూస్తావు?" అని అడుగును. వానికి నేను చెప్పునది ఒక్కటే: అమ్ముగూడ వీధులలో బంతి తన్నిన బలరాము ఇరువది ఏండ్లకు మెల్‌బోర్నులో ఆడినాడు, ఆ వీధులు ఇంకను అక్కడనే ఉన్నవి. ప్రభుత్వముల వారు, విశ్వవిద్యాలయముల వారు, బడుల పెద్దలు మన పిల్లలకు సాయంకాలము రెండు గంటల మైదానమును, ఏడాది పొడవున ఒక పోటీని కల్పించినచో, ఇంకొక జట్టు లేచునప్పుడు దాని కాళ్ల క్రింద నేల ఉండును. తిరుపతి వంటి పట్టణమునకు, చుట్టుప్రక్కల ఇన్ని కళాశాలలుండగా, అది ఏమంత పెద్ద కోరిక?

మొన్న మా అన్న కుమారుడు ఫోను చేసి, మనుమరాలితో పాటు నా పేరిట కూడ బుల్‌డాగ్స్ సభ్యత్వము కట్టెదనని అడిగెను. పిల్ల పేరిట కట్టుమంటిని. నా పేరిట వలదని చెప్పి, హైదరాబాదులో గాని, విశాఖలో గాని, మా తిరుపతిలో గాని అభిమానికి వోటు ఇచ్చి చందా పుచ్చుకొను ఫుట్‌బాలు జట్టు ఏర్పడు దినమున మొదటి చందా నాది కావలెనని, అందుకు పైకము ఇప్పటినుండియే వేరుగా తీసి పెట్టుచున్నానని చెప్పితిని. ఆ జట్టు మొదటి సీజనున అట్టడుగున ఉండినను నాకు అభ్యంతరము లేదు.